శుక్రవారం ఆటలు తర్వాత, ముందు బతుకమ్మ రోస్టర్

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది నల్లగొండ. అమెరికా డాక్టర్లకు మెడికల్ బిల్లింగ్ చేసిపెట్టే, అంటే వాళ్ల బిల్లులను (క్లెయిమ్‌లు) ఇన్సూరెన్స్ కంపెనీలకు పంపి డబ్బు రాబట్టే చిన్న కంపెనీలో టీమ్ లీడ్‌ను. మా ఓనర్ సార్ హైదరాబాద్‌లో ఉంటారు. నేను, ఇంకో ఇద్దరు నల్లగొండలో చిన్న ఆఫీసు గదిలో కూర్చుంటాం. మిగతావాళ్లంతా ఇండ్ల నుంచే పని. మిర్యాలగూడ, హాలియా, దేవరకొండ దిక్కు కొందరు, జడ్చర్ల, వనపర్తి, నారాయణపేట దిక్కు కొందరు. నా కింద 14 మంది ఉండేవారు. రెండు నెలల్లో ఇద్దరు మానేశారు, ఇద్దరూ మంచి పనిమంతులే. వనపర్తి అమ్మాయి పోతూ పోతూ ఒక మాట అన్నది: "అక్కా, నేను పని చేస్తున్ననో లేదో మీ స్ప్రెడ్‌షీట్‌కు తప్ప ఎవ్వరికి తెల్వది." ఆ మాట నన్ను పట్టుకుంది.

మన టీమ్‌లో కల్చర్ లేదంటారు సార్. అందుకని ప్రతి శుక్రవారం షిఫ్టు మొదట్లో అరగంట ఆటలు పెట్టించారు. కెమెరా తప్పనిసరి. సగం మంది రారు, వచ్చినవాళ్లు మ్యూట్‌లో ఉంటారు. ఇప్పుడు అందరినీ నల్లగొండ ఆఫీసుకు రప్పించాలా, లేక స్క్రీన్ ఫొటోలు తీసే సాఫ్ట్‌వేర్ పెట్టాలా అని ఆలోచిస్తున్నారు. ఏం చేస్తే మావాళ్లు ఒక్కటిగా ఉంటారు? నా సంగతే చూడండి, మూడేండ్లయింది బతుకమ్మ ఆడక. పండుగ ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతున్నదో కూడా తెలుస్తలేదు.

జవాబు: చెల్లె, అన్నా అని రాశావు గనక నువ్వు అనే పిలుస్తాను. మీ సార్ వెతుకుతున్న కల్చర్ ఎక్కడ తప్పిపోయిందో ఆ వనపర్తి అమ్మాయి చెప్పే పోయింది. జీతం తక్కువ అనలేదు, పని ఎక్కువ అనలేదు. తాను ఉన్న సంగతే ఎవరికీ పట్టడం లేదన్నది. ఇంటి నుంచి పనిచేసే టీముల్లో నేను చూసిన జబ్బు చాలావరకు ఇదే. దీనికి ఆటలు, క్విజ్‌లు, కేకు ఫొటోలు పైపూత మందులాంటివి. మనిషి కంటికి కనపడనప్పుడు ఆ మనిషి చేసిన పని కనపడాలి. ఆ మనిషి ఒకరోజు లేకపోతే, లేడన్న సంగతీ ఎవరికో ఒకరికి కనపడాలి. ఈ రెండూ ఉన్న టీముకు శుక్రవారం ఆటలు లేకున్నా ఏం కాదు.

ఇది నేను తెలివితో తెలుసుకున్నది కాదు, తప్పు చేసి తెలుసుకున్నది. 2020 లాక్‌డౌన్‌లో నా దగ్గర ఇరవై మంది ట్రాన్స్‌స్క్రిప్షన్ పని, అంటే రికార్డింగు విని టైపు చేసే పని, చేసేవారు. అందరూ ఊళ్లకు పోయారు. మీ సార్‌కు వచ్చిన ఆలోచనే నాకూ వచ్చింది. శుక్రవారం సాయంత్రం హౌసీ (నంబర్లు చదివే ఆట), అందరూ కెమెరా పెట్టాలె. అచ్చంపేట దగ్గరి పల్లె నుంచి ఒక పిల్లాడు ఉండేవాడు, రెండు వారాలుగా కెమెరా పెట్టడం లేదు. ఆ రోజు అందరం కలిసి ఆటపట్టించాం. "ఏందిరా, కొత్త పెండ్లికొడుకు లెక్క మొఖం దాస్తున్నవ్" అన్నది నేనే. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కెమెరా పెట్టాడు. గుండు. "బాపు పోయిండన్నా. మొన్ననే దినాలైనయి" అన్నాడు. నంబర్లు చదువుతున్న అమ్మాయి చదవడం ఆపేసింది. ఆ తర్వాత ఆట ఎట్ల ముగిసిందో నాకు యాది లేదు.

వాడు సెలవు అడగకపోలేదు. యాప్‌లో పెట్టాడు, కారణం గడిలో 'పర్సనల్' అని ఉంది, ఓకే నొక్కింది నేనే. మూడు రోజులు సెలవిచ్చినవాణ్ని మూడు నిమిషాలు ఫోన్ చేయలేదు. అదే ఆఫీసు నడుస్తున్న రోజులైతే పక్క సీటువాడు మొదటిరోజే అడిగేవాడు, ఇద్దరు ముగ్గురు బండ్ల మీద ఆ ఊరికి పోయి వచ్చేవారు. ఎవరూ చెప్పకుండానే పక్క సీటు ఆ పని చేసిపెట్టేది. ఇండ్ల నుంచి పని మొదలైతే పక్క సీటు ఉండదు. దాని పని ఎవరో ఒకరి నెత్తిన పెట్టాలె. మీ దగ్గర ఆ ఎవరో నువ్వే.

మాది పాలమూరు. ఇల్లొక దిక్కు, పనొక దిక్కు అన్నది మాకు ఇంటర్‌నెట్‌తో వచ్చిన ముచ్చట కాదు. డ్యాములు, కాలువలు, రోడ్లు ఎక్కడ కడితే అక్కడికి గుంపులుగా పోయిన జిల్లా మాది. మా పెద్దనాయన ఒక గుంపుకు మేస్త్రీ. ఆ పద్ధతిని నెత్తికెత్తుకోవడం లేదు నేను. చేతిలో అడ్వాన్సు పెట్టి మనిషిని ఏడాదంతా కట్టేసిన లెక్కలు మా ఇంట్లోనే చూశాను. కాని ఆయనకు ఒక అలవాటు ఉండేది. పొద్దున తలకాయలు లెక్కపెట్టేటప్పుడు ఒకరు తక్కువైతే, పుస్తకంలో గైర్హాజరు రాసేముందు గుడిసె దాకా పోయి చూసేవాడు. జ్వరమొచ్చిందా, తాగి పడుకున్నడా, ఇంటికాడి నుంచి ఏమన్న కబురొచ్చిందా. రాసేది ఆ తర్వాత. మీ స్ప్రెడ్‌షీట్ సున్నా వేయడంలో మా పెద్దనాయన కంటే చురుకు. గుడిసె దాకా పోవడమే దానికి చేతకాదు.

కాబట్టి మొట్టమొదటి పని. రెండు వారాలకోసారి ఒక్కొక్కరితో 25 నిమిషాలు విడిగా మాట్లాడు. ఇప్పుడు నీకున్నది 12 మంది, అంటే మొత్తం 5 గంటలు. శుక్రవారం ఆటలకు రెండు వారాల్లో పోయే మనిషి గంటలు దీనికంటే ఎక్కువే, లెక్క వేసి మీ సార్‌కు చూపించు. ఇది టార్గెట్ల ముచ్చట కాకూడదు, వాటికి వేరే మీటింగు ఉండనే ఉంది. వీడియో కూడా వద్దు, మామూలు ఫోన్ చాలు. కావాలంటే వాళ్లు వాకిట్లో తిరుగుతూ మాట్లాడొచ్చు. వీడియో మీటింగులు మనిషిని ఎందుకు అలసిపోయేలా చేస్తాయో చెప్తూ స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బైలెన్సన్ 2021లో చూపిన కారణాల్లో ఒకటి, గంటలకొద్దీ మన మొఖం మనమే చూసుకుంటూ కూర్చోవడం. ఎవరైనా రోజంతా అద్దం ముందు పెట్టుకొని పనిచేస్తారా?

ఏం అడగాలంటావా. ఈ పక్షంలో ఏ క్లెయిమ్ బాగా తిప్పలు పెట్టింది? అప్పుడు ఎవరిని అడిగినవ్, వాళ్లు చెప్పిన్రా? నీ పనిలో నాకు కనపడకుండా పోతున్నదేమన్నా ఉందా? ఇంట్లో కూర్చునే జాగ ఎట్లుంది? ఆపైన వాళ్లు ఎటు తీసుకుపోతే అటు. మొదటి రెండుసార్లు "అంత మంచిదే అక్కా" అంటారు. ముచ్చట మూడోసారి బయటికొస్తుంది. ఒక చిన్న నోటుబుక్కులో ప్రతి ఒక్కరికీ ఒక పేజీ పెట్టుకో, మాట్లాడాక రెండు ముక్కలు రాసుకో. తర్వాతిసారి "అమ్మ కంటి ఆపరేషన్ అయిందా" అనే మాటతో మొదలుపెడితే, ఆ మనిషికి ఇంకేం చెప్పనక్కరలేదు. ఆ నోటుబుక్కు మాత్రం నీ దగ్గరే ఉండాలి. సార్ అడిగినా ఇవ్వకు.

మానేసేవాళ్లు రాజీనామా మెయిల్ పెట్టే చాలా ముందే గుర్తులు ఇస్తారు. గ్రూపులో సందేహాలు అడగడం ఆపేస్తారు. నవ్వే బొమ్మ పెట్టేవాళ్లు ఉత్త బొటనవేలు పెడతారు. సెలవులు ఒక్కొక్కటిగా వాడుకుంటారు. మా మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగిపడ్డాకే చెదలు ఎంత లోపలికి పోయాయో అందరికీ తెలిసింది. తర్వాతి ఏడాది ఆస్పత్రి రోగికి కట్టినట్టు సెలైన్ సీసాలు కట్టి మందెక్కించారు. చెట్టు బతికింది, మంచిదే. మీకు మాత్రం ఇప్పటికే రెండు కొమ్మలు పోయాయి.

ఇక అందరినీ ఆఫీసుకు రప్పించే సంగతి. దీని మీద బాగా పేరున్న ప్రయోగం ఒకటి చైనాలో జరిగింది. సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్‌లో 2010, 2011 మధ్య తొమ్మిది నెలలపాటు కొందరిని ఇంటి నుంచి, కొందరిని ఆఫీసు నుంచి పని చేయించారు. నికొలస్ బ్లూమ్, ఆయనతో పనిచేసిన ఆర్థికవేత్తలు లెక్కలు తీశారు. ఇంటి నుంచి చేసినవాళ్ల పని 13 శాతం పెరిగింది, మానేసేవాళ్లు తగ్గారు. అయినా ప్రయోగం అయ్యాక మీ ఇష్టం అంటే, ఇంటి దగ్గర చేసినవాళ్లలో చాలామంది ఆఫీసుకే తిరిగొచ్చారు. ఇంట్లో ఒక్కరమే అయిపోతున్నామన్నది ఒక పెద్ద కారణం. మీ సార్ ఇందులోంచి తనకు కావలసిన ముక్క తీసుకుంటాడు, పిల్లలు వాళ్లకు కావలసింది తీసుకుంటారు. నేను నీ ముందు పెట్టేది మూడో ముక్క. పని ఎంత బాగా చేశారన్నది పక్కపక్కన పెట్టి చూస్తే, ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు ప్రమోషన్లు తక్కువ వచ్చాయి. కంటి ముందున్నవాడే మేనేజరుకు యాదికొస్తాడు. అది మేనేజరు చెడ్డతనం కాదు, కంటి గుణం.

నారాయణపేట నుంచి ఒక ఆడపిల్ల రాత్రి షిఫ్టు కోసం నల్లగొండలో గది తీసుకొని ఉండాలంటే ఆ జీతంలో ఎంత మిగులుతుందో, ఇంట్లో ఎన్ని మాటలు పడాలో నీకు నేను చెప్పాలా? రప్పిస్తే సగం మంది రారు. వచ్చినవాళ్లు మనసులో ఒక మూట పెట్టుకొని వస్తారు. ఎక్కడివాళ్లను అక్కడే ఉండనివ్వు.

నిజానికి మీ టీమ్‌లో దూరం కంటే పెద్ద తగువు ఇంకొకటుంది, నీ ఉత్తరంలో దాన్ని నువ్వు గమనించకుండానే రాశావు. "నేను, ఇంకో ఇద్దరు" అన్నావు చూడు, అక్కడుంది. మీ ముగ్గురూ చాయ్ తాగుతూ మాట్లాడుకునేవన్నీ మిగతా పదిమందికి ఎట్ల చేరుతున్నాయి? ఫలానా డాక్టర్ ఖాతా వచ్చే నెల నుంచి మనకు ఉండదట, ఫలానా ఇన్సూరెన్స్ వాళ్లు రూల్ మార్చారట, ఎవరికి ఇంక్రిమెంట్ వస్తదట. మీకు అది ఉత్త ముచ్చట. పది మందికి అది ఆలస్యంగా, సగం సగంగా, ఒక్కొక్కసారి వేరేవాళ్ల నోటి ద్వారా తెలిసే వార్త. అందరూ ఇంట్లో ఉంటే ఇంత బాధ ఉండదు, అందరూ ఆఫీసులో ఉన్నా ఉండదు. కొందరు ఇక్కడ, కొందరు అక్కడ ఉన్నచోటే రెండు కులాలు పుడతాయి.

దీనికి రెండు కట్టుబాట్లు పెట్టుకోండి. మీటింగులో ఒక్కరు తెర మీద ఉన్నా సరే, మీ ముగ్గురూ ఎవరి ల్యాప్‌టాప్ ముందు వాళ్లు, ఎవరి హెడ్‌సెట్ వాళ్లు పెట్టుకొని కూర్చోవాలి. ఒకే ల్యాప్‌టాప్ చుట్టూ ముగ్గురు చేరి నవ్వుకుంటుంటే అవతల పది మంది పెండ్లి పందిరి బయట నిలబడ్డట్టే. రెండోది, చాయ్ దగ్గర పనికి సంబంధించిన నిర్ణయం ఏదైనా అయితే, ఆ షిఫ్టు అయిపోయేలోగా అందరూ చూసే ఒక్కచోట నాలుగు వాక్యాలు రాయాలి. ఏం అనుకున్నాం, ఎందుకనుకున్నాం, ఎప్పటి నుంచి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఎప్పటిలోగా చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో వద్దు. అక్కడ రాసింది గుడ్ మార్నింగ్ పూల కింద కొట్టుకుపోతుంది.

రాయడం మనవాళ్లకు బరువుగా ఉంటుంది, నాకు తెలుసు. "ఫోన్‌లో చెప్తే అయిపాయె గద" అంటారు. అట్లా అన్నవాళ్లను ఒకసారి పుట్టపాకకు తీసుకుపో, నీకు దూరం కూడా కాదు. ఇక్కత్ చీర ఒక్క చేతిలో తయారు కాదు. ఒకరు నూలుకు రంగు అంటకూడని చోట రబ్బరు ముక్కలతో చిటికీలు (ముడులు) కడతారు, ఒకరు రంగులో ముంచుతారు, ఒకరు మగ్గం మీద నేస్తారు. ఎవరింట్లో వాళ్లుండి చేసే పని అది. అంత చేసినా పువ్వు పువ్వు దగ్గరే పడుతుందంటే, మొదటి చిటికీ కట్టకముందే డిజైన్ మొత్తం గ్రాఫ్ కాగితం మీద ఉంటుంది గనక. మగ్గం ఎక్కాక ఫోన్ చేసి అడిగితే పువ్వు కుదురుకోదు. ఆఫీసన్నదే లేకుండా దేశదేశాల్లో మనుషులను పెట్టుకొని నడుస్తున్న గిట్‌ల్యాబ్ కంపెనీ కూడా ఇదే చేసింది. సెలవు ఎట్ల అడగాలన్న దగ్గరి నుంచి అన్నీ రాసి పెట్టి, ఆ పుస్తకాన్ని ఇంటర్‌నెట్‌లో ఎవరైనా చదువుకునేలా తెరిచిపెట్టింది. మీకు అంతొద్దు, పది పేజీలు చాలు.

ఆ పది పేజీల్లో నేను మొదట రాయించేది డినయల్స్ పుస్తకం, అంటే ఇన్సూరెన్స్‌వాళ్లు తిప్పికొట్టిన క్లెయిమ్‌ల పుస్తకం. మీ పనిలో మనిషి తెలివి బయటపడేది అక్కడే కదా. మోడిఫయర్ 25 (అదే రోజు వేరే చికిత్సతో పాటు డాక్టర్ విడిగా పరీక్ష కూడా చేశారని చెప్పే గుర్తు) లేదని తిప్పికొట్టిన క్లెయిమ్‌ను ఎవరో ఒకరు రెండు గంటలు తల బద్దలుకొట్టుకొని దారికి తెస్తారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆమె కంప్యూటర్‌కు తెలుసు. వారం తిరక్కుండానే నారాయణపేటలో ఇంకొకరు అదే క్లెయిమ్ మీద మళ్లీ తల బద్దలుకొట్టుకుంటారు. ఎవరు ఏ చిక్కుముడి విప్పారో, ఎట్ల విప్పారో, వాళ్ల పేరుతో సహా ఒకచోట రాయించు. పేషెంట్ వివరాలు మాత్రం ఒక్కటి కూడా అందులోకి రాకూడదు. నెల తిరిగేసరికి "అది వనపర్తి పద్ధతిలో చేసిన" అని ఒకరు అంటారు చూడు, ఆ రోజు మీ సార్‌కు ఫోన్ చేసి కల్చర్ వచ్చిందని చెప్పు. మానేసిన అమ్మాయి నెంబర్ల గడిలో 'క్లోజ్‌డ్ 38' లాంటి అంకె మాత్రమే మిగిలి ఉంటుంది. ఆ 38లో ఆమె విప్పిన ముడులు ఎన్ని ఉన్నాయో మీలో ఎవరైనా చెప్పగలరా?

ఇంకో మాట. మీ టీమ్‌లో నల్లగొండ దిక్కువాళ్లు ఒక గుంపు, పాలమూరు దిక్కువాళ్లు ఒక గుంపు అయ్యే ఉంటారు, పందెం కాస్తాను. 2020లో మొదటి ఆరు నెలల్లో మైక్రోసాఫ్ట్ తన అమెరికా ఉద్యోగులు 61,182 మంది ఎవరితో ఎంత మాట్లాడారో చూసి, ఆ తర్వాతి ఏడాది ఒక పరిశోధన పత్రం అచ్చువేసింది. అందరూ ఇండ్లకు పోయాక, ఎవరి గుంపులో వాళ్లు ఇంకా దగ్గరయ్యారు, గుంపుకూ గుంపుకూ నడుమ ఉండే దారాలు సన్నబడ్డాయి. అంత పెద్ద కంపెనీలోనే అట్లయితే, వాట్సాప్‌లో ఎవరూళ్లవాళ్లు వేరే గ్రూపులు పెట్టుకున్న మన దగ్గర చెప్పాలా? హాలియా పిల్లను జడ్చర్ల పిల్లాడితో కలిపి ఒక ఖాతా అప్పజెప్పు, ఒకరి పని ఒకరు చూసిపెట్టాలని చెప్పు. మూడు నెలలకోసారి జతలు మార్చు. కొత్తగా చేరినవాళ్లకు మొదటి రెండు నెలలు ఒక తోడు మనిషిని ఇవ్వు. ఆ తోడు నువ్వు కావొద్దు. లీడ్‌ను అడగలేని పిచ్చి ప్రశ్నలు అడగడానికే తోడు. ఆ తోడు మనిషికి ఆ రెండు నెలలు టార్గెట్ కొంత తగ్గించు, లేకపోతే అది కూడా మొక్కుబడే.

స్క్రీన్ ఫొటోలు తీసే సాఫ్ట్‌వేర్ గురించి. మీది పేషెంట్ల వివరాలు పట్టుకొనే పని గనక, రోగుల వివరాలను కాపాడమంటూ 1996లో అమెరికాలో వచ్చిన హిప్పా చట్టం వల్ల కొన్ని కట్టడులు తప్పవు. వేరే గదిలో కూర్చోవాలి, ఇంట్లోవాళ్ల కంట స్క్రీన్ పడకూడదు, ఫోన్‌తో ఫొటో తీయకూడదు. అవి ఎందుకో చెప్పి పెట్టండి, ఎవరూ కాదనరు. ఐదు నిమిషాలకోసారి ఫొటో తీసి మనిషి కూర్చున్నాడా లేదా చూడడం వేరే ముచ్చట. దాని అర్థం 'నిన్ను నమ్మను' అని మాత్రమే. ఈ రెంటినీ ఒకే సంచిలో వేసి, చట్టం పేరు చెప్పి కాపలా పెడితే, పిల్లలకు ఆ సంగతి రెండో రోజే తెలిసిపోతుంది. మౌసును కదిలించే చిన్న యంత్రాలు బజార్లో దొరుకుతాయి, అవి కొనుక్కుంటారు. మీ సార్‌కు మౌసు కదలికలు దొరుకుతాయి, పని దొరకదు.

పండుగల దగ్గరికొద్దాం. నీ ఉత్తరంలో నన్ను కదిలించింది ఈ ముక్కే. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా అమెరికా తూర్పు తీరంలో పొద్దున 9 అంటే మనకు సాయంత్రం 6:30. నవంబర్‌లో అమెరికావాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పాక 7:30. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ మీ వాకిట్లో బతుకమ్మలు ఎప్పుడు పెడతారు? సరిగ్గా పొద్దుగూకేటప్పుడు. ఆడవాళ్లు పాట ఎత్తుకునే వేళకు మీ టీమ్‌లో ఆడపిల్లలు తలుపు మూసుకొని, హెడ్‌సెట్ పెట్టుకొని, అమెరికా ఇన్సూరెన్స్ ఆఫీసువాళ్లు ఎప్పుడు లైన్‌లోకి వస్తారా అని ఎదురుచూస్తుంటారు. బయట చప్పట్లు వినపడుతుంటాయి. నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ అని మీకు సెలవిస్తారు. ఆ రోజు నల్లగొండలో ఏముంటది? బట్టలు ఉతుక్కుంటారు.

క్లయింటును మార్చలేం, అమెరికా సూర్యుణ్ని మార్చలేం. రోస్టర్, అంటే ఎవరు ఏ వేళకు పనిచేయాలన్న పట్టిక, మార్చొచ్చు. క్లెయిమ్‌లు ఎక్కించడం, పేమెంట్లు పోస్టు చేయడం, తిరిగొచ్చినవి సరిచేయడం లాంటి పనులకు అవతల మనిషి మేల్కొని ఉండాల్సిన అవసరం లేదు. ఫోన్ పట్టుకోవాల్సిన పని ఎంత, మిగతాది ఎంత, విడదీసి చూడు. ఆ తొమ్మిది రోజులు ఆడపిల్లలకు ఫోన్ పని తప్పించి, మధ్యాహ్నం నుంచే మొదలుపెట్టి పొద్దుగూకేసరికి లేచిపోయేలా రాయి. సద్దుల రోజు పూర్తి సెలవు. ఆ రోజు ఫోన్లు మగపిల్లలు పట్టుకుంటారు, వాళ్లకు దసరా ముందురోజో తర్వాతిరోజో ఇవ్వు. మీ టీమ్‌లో ముస్లిం పిల్లలుంటే రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళ కూడా దాదాపు ఇదే గంటకు పడుతుంది. వాళ్లను అడగనివ్వకు, నువ్వే ముందు గడి ఖాళీ పెట్టి చూపించు. అడగక ముందే ఇచ్చిన అరగంట, అడిగితే ఇచ్చిన రోజుకంటే ఎక్కువ కాలం యాదుంటది. ఏడాది పండుగలన్నీ జనవరిలోనే ఒక కాగితం మీద వేసి, ఎవరికి ఏది ముఖ్యమో రాయించుకుంటే సగం తగువులు పుట్టకముందే పోతాయి.

అందరూ కలిసే రోజు కూడా ఏడాదికి రెండుసార్లు ఉండాలి, ఇందులో పిసినారితనం పనికిరాదు. హైదరాబాద్ హోటల్ మాత్రం వద్దు. నీ మనుషులను మ్యాపులో పెట్టి చూడు. జడ్చర్ల నుంచి కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా మీదుగా మిర్యాలగూడ దాకా, ఆపైన కోదాడకు పోయే రోడ్డు ఒక్కటే. మీవాళ్లలో చాలామంది ఆ దారి మీదనో, దాని పక్కనో ఉన్నారు. నాగార్జునసాగర్ పెట్టుకుంటే ఎవరూ హైదరాబాద్ చుట్టు తిరిగి రానక్కరలేదు. వనపర్తి, నారాయణపేట పిల్లలకు కొంచెం దూరమే, కంపెనీ పైసలతో జడ్చర్ల నుంచి ఒక బండి పెట్టించు. బుద్ధవనంలో చెట్ల కింద కూర్చోండి, చేపల కూర తినండి. సార్‌ను కూడా పిలువు, పవర్‌పాయింట్ తేవద్దని ముందే చెప్పు. ఆ రోజు ఎజెండా ఉండకూడదు. ఒకటే పని: ఎన్నడూ కలిసి పనిచేయని ఇద్దరిద్దరిని ఒక దగ్గర కూర్చోబెట్టడం. దాని పుణ్యాన తర్వాత ఆరు నెలలు ఫోన్‌లో మాట మెత్తగా వస్తుంది.

ఇన్వర్టరు, ఇంటర్‌నెట్ బిల్లు, కుర్చీ, ఇవి కంపెనీ ఇవ్వాలి. దీని మీద ఇంకేం రాయను, ఇందులో వాదన లేదు. కరెంటు పోయిందని పిల్లాడి జీతం కోసే కంపెనీ కల్చర్ గురించి మాట్లాడకపోతేనే మర్యాద.

శుక్రవారం ఆటలను ఒక్కసారిగా రద్దు చేయకు, సార్‌కు చిన్నతనంగా ఉంటుంది. కెమెరా తప్పనిసరి అన్నది తీసేసి, వచ్చేవాళ్లు రావొచ్చని చెప్పు. నలుగురు వస్తే నలుగురే. నేనైతే ఆటలకు బదులు షిఫ్టుకు పావుగంట ముందు లైన్ తెరిచిపెట్టేవాణ్ని. ఎవరైనా వచ్చి ఇవాళ ఏం కూర వండిన్రో చెప్పుకునేవారు. కొన్ని రోజులు ఎవరూ వచ్చేవారు కాదు, నేనొక్కణ్నే చాయ్ తాగి షిఫ్టు మొదలుపెట్టేవాణ్ని.

ఆ వనపర్తి అమ్మాయికి ఫోన్ చెయ్యి. మళ్లీ రమ్మని అడగడానికి కాదు. నువ్వు అన్న మాట నిజమే, ఆ మాట విన్నాక ఇక్కడ ఇవి మార్చుకుంటున్నాం అని చెప్పు. ఆమె విప్పిన చిక్కుముడుల్లో ఒక్కటైనా చెప్తుందేమో అడుగు, చెప్తే డినయల్స్ పుస్తకంలో మొదటి పేజీ ఆమె పేరుతో పెట్టు. మీ సార్‌తో మాట్లాడేటప్పుడు కల్చర్ అనే మాటే ఎత్తకు. ఇద్దరు పోతే ఇద్దరిని తెచ్చి నేర్పించడానికి ఎన్ని నెలలు పడుతుందో, ఆ నెలల్లో ఎన్ని క్లెయిమ్‌లు గడువు దాటుతాయో లెక్క తీసి ఆయన ముందు పెట్టు, మిగతాది ఆయనే అడుగుతాడు.

రోస్టర్ ఫైలు ఈ వారమే తెరువు. సద్దుల రోజు సెలవు గడిలో మొదటి పేరు నీది రాయి. సిగ్గుపడకు. లీడ్ సెలవు పెట్టుకోని చోట మిగతావాళ్లు నోరు తెరిచి అడగరు. ఆ రోజు లైన్ ఎవరు చూసుకుంటారని అనుమానం ఉంటే, నీ పక్కన కూర్చునే ఇద్దరిలో ఒకరికి ఇప్పటి నుంచే ఆ పని నేర్పించు. ఇంకా టైముంది.